గడియారాల మావయ్య, ఈగల మేష్టరమ్మ

ఫిబ్రవరి 3

గడియారాల మావయ్యకి,

మేనకోడలి నమస్కారాలు. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నువ్వు సరిగ్గా వినబడక నాలుగుసార్లు "ఆఁ, ఆఁ" అని, ఐదోసారి "సరేలే, నువ్వు చెప్పినట్టే కానీ" అంటావు. నేనేం చెప్పానో నీకు తెలియదు, నువ్వేం ఒప్పుకున్నావో నాకు తెలియదు. ఈసారి పని అలా కుదిరేది కాదు.

మెడికల్ కాలేజీవాళ్ళు ఎట్టకేలకు నాకొక గది ఇచ్చారు. మొన్నటిదాకా అందులో విరిగిన కుర్చీలు పడేసేవారు. కిటికీకి ఒక్క రెక్కే ఉంది. అయినా గది గదే. తలుపు మీద 'నాడీశాస్త్ర పరిశోధన, శిక్షణ కేంద్రం' అని బోర్డు రాయించాను. రాసినతను పని పూర్తి చేసి, కుంచె పక్కన పెట్టి, నాడి చూడమని నాకేసి చెయ్యి చాపాడు. ఇది ఆ నాడి కాదు, మెదడూ నరాలూ అని చెబితే, "మరి బోర్డు మీద ఆ ముక్కే రాయించొచ్చు కదండీ" అన్నాడు. నిజమే అనిపించింది.

మన వైపు మెదడు గురించి చదివేవాళ్ళు పుస్తకంలో బొమ్మ చూస్తారు, పరీక్ష రాస్తారు, అంతే. బతికున్న ఒక్క నరం మాట్లాడుతుంటే విన్నవాళ్ళు లేరు. వినాలంటే విమానం ఎక్కాలి, ఎక్కినవాళ్ళు దిగి రారు. దిగివచ్చినదాన్ని ప్రస్తుతానికి నేనొక్కదాన్నే కనబడుతున్నాను. పక్క గదిలో విదేశాలవాళ్ళు దానంగా పంపిన యంత్రాలు మూడున్నాయి. ఒకదానికి తీగ లేదు. ఒకదానికి ఎలా వాడాలో చెప్పే పుస్తకం లేదు. మూడోదానికి రెండూ ఉన్నాయి గానీ అదేం చేస్తుందో ఎవరికీ తెలియదు.

జూలైలో పన్నెండుమందిని పిలిచి రెండు వారాలు పని నేర్పాలనుకుంటున్నాను. లెక్చరర్లు, జూనియర్ డాక్టర్లు, ఒక పశువుల డాక్టరు. పళ్ళ మీద ముసిరే చిన్న ఈగలు చూశావా, వాటిని సీసాల్లో పెంచుతున్నాను. ఆ ఈగ పిల్ల బియ్యపుగింజంత తెల్ల పురుగు. దాని నరం దగ్గరికి వెంట్రుకంత సన్నని గాజు సూదిని మెల్లగా, చెయ్యి తగలకుండా చేర్చాలి. అలా చేర్చే పరికరం బయటినుంచి తెప్పిస్తే ఓడరేవులోనే ఎనిమిది నెలలు కూర్చుంటుంది. బొమ్మ గీసి పంపుతున్నాను. స్క్రూ ఒక చుట్టు తిప్పితే సూది పావు మిల్లీమీటరు మాత్రమే కదలాలి. నువ్వు చేసిపెట్టగలవా?

నీ ఈగల మేష్టరమ్మ


ఫిబ్రవరి 12

ఈగల మేష్టరమ్మకి మావయ్య దీవెనలు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వడానికి, ఒకసారి అర్థం చేసుకోవడానికి. ఈగకి మెదడుంటుందని ఈ వయసులో తెలిసింది. మీ నాన్నకి ఉందా లేదా అన్న సంగతి మీ అమ్మ నలభై ఏళ్ళుగా పరిశోధిస్తోంది, ఇంకా తేలలేదు. ఈగల పని అయ్యాక మా బావని కూడా ఆ సూది కింద కూర్చోబెట్టు. కదలడు, భయం లేదు. పేపరు చేతికిస్తే చాలు.

నీ బొమ్మ మాత్రం బాగాలేదు. ముందునుంచి గీశావు, పక్కనుంచి గీయలేదు. పక్కనుంచి చూస్తే అది బండో బల్లో నాకెలా తెలియాలి? అంత చదువు చదివించినవాళ్ళు పెన్సిల్ పట్టుకోవడం నేర్పలేదా? సరే, నేనే పక్కబొమ్మ గీసుకున్నాను. దీనికి 'సూదిబండి' అని పేరు పెట్టాను. అడుగున ఇత్తడి పలక, దాని మీద జారే ఇంకో పలక, వెనక స్క్రూ. పాత గోడ గడియారంలోంచి తీసిన, చుట్లు ఒత్తుగా ఉండే సన్న మరల స్క్రూ ఒకటి దాచి ఉంచాను. ఎందుకు దాచానో ఇన్నాళ్ళకి తెలిసింది.

పక్క కొట్టు చెప్పుల మేస్త్రీకి నీ బొమ్మ చూపించాను. చాలాసేపు చూశాడు. "ఈగకి సూదా? ఇక్కడ నాకు తోలుకే సరిగ్గా గుచ్చుకోవడం లేదు" అన్నాడు. నీ పరిశోధనకి మా వీధిలో దక్కిన మొదటి అభిప్రాయం ఇది. రాసి పెట్టుకో.

మూడు వారాల్లో పంపుతాను. వేళకి తింటున్నావా?

మావయ్య


మార్చి 9

మావయ్యా,

సూదిబండి వచ్చింది. పెట్టె విప్పగానే గది గదంతా చుట్టూ మూగింది. గదంతా అంటే నేనూ, అటెండరూ, రెండువేల ఈగలూ. ఇత్తడి అలా మెరుస్తుంటే అటెండరు, "ఇది బీరువాలో పెట్టేదా, వాడేదా మేడమ్?" అని అడిగాడు.

వాడాను. పురుగుని సూక్ష్మదర్శిని కింద పరిచి, సూది బిగించి, స్క్రూ తిప్పాను. ముందుకి చక్కగా వెళుతోంది. వెనక్కి తిప్పితే మాత్రం ఒక పావు చుట్టు ఏమీ జరగడం లేదు, తరవాత హఠాత్తుగా కదులుతోంది. స్క్రూ కొంచెం వదులుగా ఉన్నట్టుంది. పెద్ద తప్పేమీ కాదు. ఇలాంటివి ఇంకో ఐదు కావాలి, వాటిలో సరిచేస్తే చాలు. జూన్ లోగా పంపగలవా?

ఇంకోమాట. ఇంత పిసినారివి ఎప్పుడయ్యావు? పోయిన ఉత్తరంలో అక్షరాలు లైను మొదట్లో చీమల్లా ఉన్నాయి, చివరికొచ్చేసరికి చీమ గుడ్లయ్యాయి. కాగితం కావాలంటే పంపిస్తాను.

మొన్న ఒక సీసా మూత ఊడి మూడొందల ఈగలు ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాయి. ఆయన సాధారణంగా ఫైలు వెంటనే సంతకం చేసే మనిషి కాదు. ఆరోజు చేశాడు.

నీ మేష్టరమ్మ


మార్చి 20

మేష్టరమ్మకి,

నలభైఒక్క ఏళ్ళుగా ఈ కొట్టు నడుపుతున్నాను. నా స్క్రూ వదులుగా ఉందన్న మొదటి మనిషివి నువ్వు. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని నా భూతద్దం నోట్లో పెట్టుకున్నది కూడా నువ్వే, కాబట్టి క్షమించాను.

వదులంటే ఆ స్క్రూ పాతది. పైగా ఈమధ్య కొట్టులో వెలుతురు తక్కువ, ఎదురుగా మూడంతస్తులు లేపారు. ఇంకో ఐదు చేయడం మాత్రం కుదరదు. కొట్టు నిండా పని ఉంది. గోడ గడియారాలు వరసగా వేలాడుతున్నాయి, వాటికి జవాబు చెప్పుకోవాలి.

అక్షరాల సంగతా? నువ్వు పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే మనిషివి, చిన్న అక్షరాలు చదవలేవనుకోలేదు. కళ్ళద్దాలు మార్చుకో.

మావయ్య


ఏప్రిల్ 15

మావయ్యా,

నీకు కోపం వచ్చింది. కాదనకు. కోపం వస్తే నువ్వు కళ్ళద్దాలు మార్చుకోమంటావు, అమ్మకి కూడా అలాగే చెబుతావట. వదులుగా ఉందని రాయడం నా తప్పు, మెల్లగా చెప్పి ఉండాల్సింది. ఇక ఆ మాటెత్తను. నీకు పని ఎక్కువగా ఉందంటే శ్రమ పెట్టడం కూడా ఇష్టం లేదు. ఇక్కడ బస్టాండు వెనక లేతు పనిచేసే మేస్త్రీ ఒకతను ఉన్నాడు, మిగతా ఐదూ అతని దగ్గర చేయించుకుంటాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఒక మంచి కబురు. జూలై శిక్షణ కాక మూడు నెలల శిక్షణ ఒకటి కూడా పెట్టాను, దానికి మొదటి మనిషి వచ్చింది, అదీ మీ ఊరినుంచి. మీ పెద్దాసుపత్రిలో నర్సు. అక్కడికి మూర్ఛలు వచ్చేవాళ్ళు వారానికి పదిమంది వస్తారట, మెదడు తరంగాలు చూసే యంత్రం ఉందట, అది మూడేళ్ళుగా గుడ్డ కప్పుకుని కూర్చుందట. "ఆ గుడ్డ ఉతికేది నేనే మేడమ్. ఉతికినప్పుడల్లా సిగ్గేసేది, అందుకే వచ్చాను" అంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. పక్క గదిలోని తీగ లేని యంత్రానికి ఎక్కడినుంచో తీగ వెతికి తెచ్చింది కూడా ఆవిడే.

నీ మేష్టరమ్మ


ఏప్రిల్ 26

మేష్టరమ్మకి,

మంచిది. లేతు మేస్త్రీ పనిమంతుడై ఉంటాడు. వయసులో ఉన్నవాడేమో, చెయ్యి కుదురుగా ఉంటుంది. అతనితోనే చేయించుకో.

ఇక్కడ అంతా మామూలే.

మావయ్య


మే 18

మావయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి నాలుగోసారి రాస్తున్నాను.

నీ ఉత్తరాలు మూడూ నా బల్ల మీద ఉంటాయి. సోమవారం నర్సు నా సంతకం కోసం వచ్చి, వాటికేసి చూస్తూ నిలబడింది.

"ఇవి రాసిన పెద్దాయన ఏ వార్డులో ఉన్నారు మేడమ్?" అంది.

"వార్డేమిటి? ఆయన మా మావయ్య" అన్నాను.

"అయ్యో. మొన్న మీరు చెప్పిన పాఠానికి తెచ్చిన నమూనాలనుకున్నాను" అంది. సంతకం తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ పాఠం చెప్పింది నేను. పార్కిన్సన్ జబ్బులో చెయ్యి వణకడానికి ముందే అక్షరాలు కుంచించుకుపోవచ్చనీ, లైను చివరికి వెళ్ళేకొద్దీ మరీ చిన్నవవుతాయనీ, బల్ల గుద్ది మరీ చెప్పాను. మార్చిలో నిన్ను పిసినారివని వెక్కిరించినదాన్నీ నేనే. ఆవిడ వెళ్ళాక స్కేలు తీసుకున్నాను. ఫిబ్రవరిలో నీ 'మ' నాలుగు మిల్లీమీటర్లు. ఏప్రిల్లో రెండు కూడా లేదు. ఈగ పిల్ల నరాన్ని వెతుక్కుంటూ కూర్చున్నాను గానీ నా మేనమామ చెయ్యి నాకు కనబడలేదు.

ఆ జబ్బే అని నేను చెప్పడం లేదు. ఉత్తరం చూసి ఎవరూ చెప్పకూడదు. కానీ ఒక్కటి నిజం రాయి. చెయ్యి ఎలా ఉంది?

నీ మేనకోడలు


మే 27

మేష్టరమ్మకి,

నేను ఉత్తరాలు రాసింది చదువుకోవడానికి. స్కేలు పెట్టి కొలుచుకోవడానికి కాదు. నా కొట్టుకి వచ్చినవాడి గడియారం చూశానే గానీ మొహం చూసి రోగం చెప్పలేదు ఎప్పుడూ. నా కాగితాలు పరాయివాళ్ళ ముందు పరిచినందుకు సంతోషం.

బాగానే ఉన్నాను.


జూన్ 4

అమ్మాయ్,

మొన్నటి ఉత్తరం డబ్బాలో వేశాక దాన్ని ఎలా వెనక్కి తీయాలా అని పోస్టాఫీసు ముందు కాసేపు నిలబడ్డాను. పోస్టుమాస్టరు కిటికీలోంచి చూసి, "ఏమండీ, డబ్బా కూడా రిపేరుకి వచ్చిందా?" అన్నాడు. అందుకని ఇంటికొచ్చేశాను.

కొట్టు మూసేశాను. మార్చిలో, నీ ఉత్తరం వచ్చిన వారానికి. గోడ గడియారాలు వేలాడుతున్నాయని రాసింది అబద్ధం. ఎవరివి వాళ్ళకి అప్పటికే ఇచ్చేశాను. నీ మాటకి మూశాననుకునేవు, అది కాదు. అంతకుముందే ఒకావిడ చేతి గడియారం విప్పి, ఆవగింజలో సగం ఉండే స్క్రూ పటకారుతో ఎత్తాను. అది ఎగిరిపోయింది. మళ్ళీ ఇంకోటి ఎత్తాను, అదీ పోయింది. ఆవిడ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. పాపం, వీధిలోకి చూడడం మొదలుపెట్టింది. ఆ చూడకపోవడం ఉందే, అది నాకు తగిలింది. సూదిబండి పలకలో స్క్రూకి మర కోసిన రోజు కూడా చెయ్యి నా మాట వినలేదు. వదులు ఉందని నాకు తెలుసు. తెలిసే పంపాను. నీకు కనబడదులే అనుకున్నాను.

ఇక్కడ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీరసం అని బలానికి మందు రాశాడు. టీ మానేయమన్నాడు. టీ మానేస్తే చెయ్యి అలాగే ఉంది గానీ కోపం మాత్రం ఎక్కువైంది. మొన్నటి ఉత్తరం ఆ ఖాతాలో వేసుకో.

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతోంది. లేతు మేస్త్రీ మీద నాకు కోపమేమీ లేదు. కుళ్ళు ఉంది.

మావయ్య


జూన్ 12

మావయ్యా,

బట్టలు సర్దుకో.

ఈ చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ కలిపి నరాల డాక్టర్లు ఏడుగురున్నారు. అందులో ఒకాయన నాకు రెండో పక్కనున్న గదిలోనే కూర్చుంటాడు. ఈగలు వస్తున్నాయని రోజూ నాతో పోట్లాడతాడు గానీ పని బాగా తెలిసినవాడు. జూలై రెండున నిన్ను చూస్తానన్నాడు. గుండీల చొక్కా వద్దు, లాల్చీ వేసుకుని రా.

అది ఒక పని. రెండోది నా పని, దీన్ని జాలి అనుకున్నావంటే నిజంగానే పోట్లాట అవుతుంది. లేతు మేస్త్రీ చేసిన ఐదూ వచ్చాయి. అతని చెయ్యి కుదురుగానే ఉంది. కానీ ఎందుకు చేస్తున్నాడో అతనికి తెలియదు, లారీకి సరిపోయేంత బలంగా చేశాడు. వాటితో సూదిని చేర్చడం కాదు, పురుగుని పొడవడమే అవుతుంది. పన్నెండుమంది వచ్చేసరికి నా దగ్గర పనికొచ్చేది నీదొక్కటే, అదీ వదులుగా ఉంది.

కాబట్టి వచ్చి నేర్పు. వాళ్ళ సూదిబండి వాళ్ళే చేసుకోవాలి. పాడైతే వాళ్ళే బాగుచేసుకోవాలి, లేకపోతే అది కూడా పక్క గదిలో గుడ్డ కప్పుకుంటుంది. నువ్వు చేత్తో చేయనక్కర్లేదు, నోటితో చెయ్యి. దానికి ఏ లోటూ రాలేదని ఈ ఉత్తరాలే చెబుతున్నాయి.

నీ అమ్మాయి


జూలై 14

మేష్టరమ్మకి,

క్షేమంగా ఇల్లు చేరాను. చెప్పకుండా పొద్దున్నే మొదటి బస్సెక్కి వచ్చేసినందుకు అటెండరు నిన్ను కంగారు పెట్టి ఉంటాడు. చీటీలో 'ఒంట్లో బాగాలేదు' అని రాశాను. ఒంట్లో బాగానే ఉంది.

నీ పక్క గది డాక్టరు, నువ్వు అనుమానపడ్డ జబ్బేనని తేల్చి ఇచ్చిన మాత్రలు నాలుగో రోజుకే పనిచేశాయి. అది ఒప్పుకోవాలి. శిక్షణలో మొదటి మూడు రోజులు ఎంత బాగున్నాయో కూడా ఒప్పుకోవాలి. పన్నెండుమంది ఆకురాళ్ళు పట్టుకుని ఇత్తడి అరగదీస్తుంటే ఆ చప్పుడు నాకు పాటలా వినబడింది, అదీ ఈ చెవులకి. పశువుల డాక్టరమ్మ గేదె కొమ్ము అరగదీసినట్టు అరగదీసింది. "అమ్మా, ఇత్తడి తన్నదు, కాస్త మెల్లగా" అంటే అందరూ నవ్వారు. నన్ను మేష్టారూ అని పిలిచారు. జీవితంలో నన్నెవరూ మేష్టారని పిలవలేదు.

నాలుగో రోజు టీకి వెళ్ళివస్తుంటే వరండాలో ఇద్దరు కుర్ర డాక్టర్లు. నా వెనకే వస్తున్నారు. నాకు వినబడదనుకున్నారు. సరిగ్గా అప్పుడే వినబడాలా?

"కుడి చెయ్యి ఊగడం లేదు, చూశావా?"

"అవును. తిరిగేటప్పుడు మెడ తిప్పడం లేదు, మనిషి మొత్తం తిరుగుతున్నాడు. రాసుకో."

రెండోవాడు నిజంగానే రాసుకున్నాడు.

అమ్మాయ్, నన్ను పిలిచింది మేష్టరుగానా, నమూనాగానా? నమూనాగా అయితే ముందే చెప్పొచ్చుగా. సీసాలో పెట్టుకునేదానివి.

మావయ్య


జూలై 22

మావయ్యా,

నేను వాళ్ళకి చెప్పలేదు. నీ జబ్బు సంగతి నర్సుకీ, డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. నిన్ను గమనించమని ఎవరినీ అడగలేదు. ఇది ముందు నమ్ము. తరవాత మిగతాది చదువు.

ఇప్పుడు నా తప్పు. నువ్వు బస్సు దిగి గేటులోంచి నడిచి వస్తుంటే, ఎదురొచ్చి సంచీ అందుకోకుండా కిటికీ దగ్గర నిలబడి నీ నడక చూశాను. ఒక నిమిషం పాటు. ఆ ఇద్దరూ చేసింది నేను చేసినదే. వాళ్ళకి చూడడం నేర్పాను. చూసేది మనిషినని నేర్పలేదు. నా పాఠాల్లో ఆ పేజీయే లేదు. ఈగల దగ్గర మొదలుపెట్టాను కదా, ఈగలు అడగవు.

"మీరు మాట్లాడుకున్నది మేష్టారు విన్నారు" అని ఆ ఇద్దరికీ చెబితే రాసుకున్నవాడి మొహం పాలిపోయింది. కాగితం చింపేస్తానన్నాడు. చింపితే ఏమవుతుందని నర్సు అడిగింది. మూడు నెలల్లో ఆవిడ గొంతు పెంచడం అదే మొదటిసారి. "మా ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఎంతమంది బలం మందు తాగుతున్నారో మీకు తెలుసా? చూడండి. కానీ ఆయన వీపుని కాదు" అంది.

నువ్వు పోగొట్టుకున్నది కూడా చెబుతాను, కాస్త బాధపడు. ఎనిమిదో రోజుకి పదకొండు సూదిబండ్లు పూర్తయ్యాయి. పన్నెండోది పశువుల డాక్టరమ్మది, అది నువ్వే ఊహించుకో. పదకొండింటిలో ఒక్కటీ వదులు లేదు. అందులో ఒకదానికి సూది బిగించి, పురుగు దగ్గరికి చేర్చి, నరంలోని కరెంటుని చప్పుడుగా వినిపించే స్పీకరు పెట్టాం. తరవాత వినబడింది. రేకు మీద వాన మొదలైనట్టు, ఒక చినుకు, ఇంకో చినుకు, ఆగి, మళ్ళీ గబగబా. నరం మాట్లాడుతోంది. ఇక్కడే తయారైన పరికరంతో, ఇక్కడివాళ్ళ చేతులతో. లెక్చరరు ఒకాయన ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద ఆ బొమ్మే గీస్తున్నాడట, గోడకేసి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ మొదట అడిగింది, మేష్టారు ఎక్కడ అని.

నీ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

నీ అమ్మాయి


ఆగస్టు 5

అమ్మాయికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బిగుసుకుని కూర్చున్నాను. మూడోరోజు చెప్పుల మేస్త్రీకి చదివి వినిపించాను. వాన చినుకుల దగ్గర సూది ఆపి విన్నాడు. "అయితే గుచ్చుకుందన్నమాట" అన్నాడు. అక్కడితో నా బిగువు పోయింది.

నడక చూసినందుకు నీ మీద కోపం లేదు. నేనైతే గడియారం చేతికి రాకముందే, మనిషి మెట్లెక్కుతుండగానే దాని చప్పుడు వినేవాణ్ణి. అలవాటు అలాంటిది.

వచ్చే శిక్షణకి వస్తాను. ఒక పూట మేష్టర్ని, ఒక పూట పాఠాన్ని. రెండోదానికి మాత్రం నా పద్ధతి ఉంటుంది. వాళ్ళు తలుపు తట్టి రావాలి. తమ పేరు చెప్పాలి, నా పేరు అడగాలి, ఎలా ఉన్నారని అడిగి జవాబు వినేదాకా ఆగాలి. మా చెవిటివాళ్ళకి జవాబు ఆలస్యం. ఆ తరవాత చెయ్యి చూడొచ్చా అనాలి. వద్దంటే వెళ్ళి టీ తాగి రావాలి. చూశాక ఏం కనబడిందో నాకు కూడా చెప్పాలి, చెయ్యి నాది కాబట్టి. రాసుకున్నవాణ్ణి కాగితం చింపొద్దన్నానని చెప్పు. మొదట వాడే రావాలి.

మాత్రలు వేసుకున్నాక పొద్దున పూట గుండీలు నాలుగు నిమిషాల్లో పడుతున్నాయి. మధ్యాహ్నానికి మళ్ళీ మొదటికొస్తోంది. అందుకని మధ్యాహ్నాలు లాల్చీ.

మావయ్య


సెప్టెంబరు 24

మావయ్యా,

తొందరలో రాస్తున్నాను. జనవరి శిక్షణకి పన్నెండు సీట్లకి డెబ్భైమంది అర్జీలు రాశారు. ఎవరిని వద్దనాలో తెలియక తల ప్రాణం తోకకొస్తోంది. లేతు మేస్త్రీ కూడా వచ్చి కూర్చుంటానన్నాడు. నీ గురించి విన్నాడట.

ఇప్పుడు నీతో పని. నర్సు మీ ఊరు తిరిగి వచ్చింది కదా, పెద్దాసుపత్రివాళ్ళు ఆవిడకి ఒక గది ఇచ్చారు, ప్రతి గురువారం పొద్దున నరాల జబ్బులవాళ్ళని చూడడానికి. ఆవిడ పరీక్ష చేసి రాస్తుంది, అక్కడి డాక్టరు మందులిస్తాడు, అనుమానం ఉన్నవి మాకు పంపిస్తారు. మొదటి గురువారం అక్టోబరు 3. ఆవిడ ఫోన్ చేసి, "ఎవరూ రాకపోతే మేడమ్? గదికోసం ఇన్నాళ్ళు దెబ్బలాడి, ఖాళీ బెంచీ పెట్టుకుని కూర్చోవాలా?" అంది. ఒక్క గురువారం ఎవరూ రాకపోయినా ఆ గది మళ్ళీ సామాన్ల గది చేస్తారట.

నువ్వు వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చో. చెప్పుల మేస్త్రీని కూడా తీసుకెళ్ళు. బెంచీ నిండుగా కనబడాలి.

నీ మేష్టరమ్మ


అక్టోబరు 4

అమ్మాయికి మావయ్య దీవెనలు.

నువ్వు చెప్పిన పని నేను చేయలేకపోయాను. ఎందుకో విను.

ఏడున్నరకే వెళ్ళాను. మేస్త్రీ కొట్టు కట్టేసి నాతో వచ్చాడు. జబ్బేమని చెప్పాలని అడిగితే, తల తిరుగుతోందని చెప్పమన్నాను. వరండా ఖాళీగా ఉంది. పొడుగు బెంచీ, కొత్త సున్నం వాసన. బెంచీ నిండుగా కనబడాలన్నావు కదా, నేను ఈ చివర, అతను ఆ చివర కూర్చున్నాం. నర్సు తలుపు తీసి మమ్మల్ని చూసింది. నన్ను గుర్తుపట్టింది, ఎందుకొచ్చానో కూడా గుర్తుపట్టినట్టుంది. లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల్లో టీ పంపింది.

ఎనిమిదింటికి ఒక తల్లి కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆ పిల్ల బడిలో పడిపోతూ ఉంటుందట, అందుకని రెండేళ్ళుగా బడికి పంపడం లేదట. కాస్త జరిగి చోటిచ్చాను. తరవాత మూతి ఒక పక్కకి లాగిన బస్సు డ్రైవరు. తరవాత ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఎవరికి జబ్బో అడిగితే ఒకరినొకరు చూపించుకున్నారు. ఎనిమిదిన్నరకి నాకంటే పెద్దాయన ఒకడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, కుడి చెయ్యి జేబులో. గంటసేపు ఆ చెయ్యి బయటికి రాలేదు. ఎడమ చేత్తోనే నుదురు తుడుచుకున్నాడు, ఎడమ చేత్తోనే చీటీ అందుకున్నాడు.

నాకు అర్థమైంది. నా కుడి చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. అది దాని పని అది చేసుకుంటోంది. ఆయన చూశాడు. వీధిలోకి చూశాడు. మళ్ళీ చూశాడు. చాలాసేపటికి తన చెయ్యి కూడా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. రెండు చేతులూ వణుకుతూ కూర్చున్నాయి.

"మీకెన్నాళ్ళనుంచి?" అన్నాడు.

"ఏడాదైంది. మీకు?"

"ఆరేళ్ళు. మా ఇంట్లోవాళ్ళకి ఇంకా చెప్పలేదు."

వాళ్ళకి తెలిసే ఉంటుందని అనబోయి ఊరుకున్నాను.

పదింటికి చూద్దును కదా, వరండా నిండిపోయి మెట్ల మీద కూడా జనం. మేస్త్రీ తన చోటు ఒక గర్భిణికి ఇచ్చేశాడు, నేను నాది ఊతకర్ర ముసలమ్మకి ఇచ్చాను. ఇద్దరం గోడకి చేరబడ్డాం. గదిలోంచి నర్సు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది. పిలిచి, తను లేచి నిలబడి, తన పేరు చెబుతోంది. అప్పుడు కూర్చోమంటోంది.

పన్నెండు దాటాక బయటికొచ్చి చీటీలు లెక్కపెట్టుకుంది. ముప్ఫైనలుగురు. చూసింది పందొమ్మిది మందినే. నా దగ్గరికి వచ్చింది.

"మీరు ఇవాళ వెళ్ళిపోండి బాబాయిగారూ. వచ్చే గురువారం రండి" అంది.

"అందరికంటే ముందొచ్చింది నేనే" అన్నాను.

"తెలుసు. కానీ చోటు లేదు" అంది. అంటూ నవ్వింది. మొదటిసారి నవ్వడం చూశాను.

మేస్త్రీకి మాత్రం నిజంగానే తల తిరుగుతోందని అప్పుడు తేలింది, పొద్దుటినుంచీ ఏమీ తినలేదట. అతన్ని క్యాంటీనుకి తీసుకెళ్ళాను. అందుకని అమ్మాయ్, బెంచీ నింపడానికి నన్ను పంపించావు, నన్ను చూడకుండానే పంపించేశారు. ఏ ఆసుపత్రినుంచీ ఇంత హాయిగా ఇంటికి తిరిగిరాలేదు.

ఇస్త్రీ చొక్కా ఆయన కూడా తన వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళకి ఇచ్చేసి మిగిలిపోయాడు. వచ్చే గురువారం ఏడింటికే వెళదామని ఇద్దరం మాట్లాడుకున్నాం. ఈసారి బెంచీ కోసం కాదు, మా కోసం.

మావయ్య